నలభై మాటలు

పోయిన వారం మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు నా దగ్గరికొచ్చి, "అన్నా, ఆ క్లయింట్ సైట్లో హెల్ప్‌లైన్ నంబరు మారిందంట. పాత నంబరు ఉన్నచోటల్లా కొత్తది పెట్టాలి. ఒక్క అప్‌డేట్ క్వెరీ వేసేస్తే అయిపోతుంది కదా?" అన్నాడు. పన్నెండు వేల చిల్లర పేజీలు. నేను ఆగమన్నాను. ముందు కాపీ తీసి పెట్టుకో, తర్వాత ఏయే పేజీల్లో ఏం మారబోతోందో లిస్టు తియ్యి, ఆ తర్వాత యాభై యాభై చొప్పున నడుపు అన్నాను. వాడు బయటికేమీ అనలేదు గానీ, మొహం చూస్తే "ఈయనకి వయసైపోయింది" అని స్పష్టంగా రాసి ఉంది.

వాడిదేం తప్పు లేదు. వాడి వయసులో నేనూ అంతే. అంతే ఏవిటి, ఇంకా ఘోరం.

కథ 2007లో మొదలైంది. అప్పట్లో ఆరుగురం స్నేహితులం కలిసి ఒక సైటు పెట్టాం. ఎవరి ఊళ్ళ గురించి వాళ్ళు తెలుగులో రాయాలి, అదీ ప్లాను. ఊరి పేరెలా వచ్చింది, చెరువెక్కడుంది, బస్సులెన్ని, పాత ముచ్చట్లు, అలాంటివన్నమాట. పీహెచ్‌పీ, మైఎస్క్యూఎల్, నెలకి కాసిని రూపాయలిచ్చే షేర్డ్ హోస్టింగు. ఊళ్ళ పేజీల చట్రాలు మాత్రం స్క్రిప్టుతోనే పుట్టించాం. మండలం, జిల్లా, రాష్ట్రం నింపేసి, కింద ఖాళీ వదిలేశాం. ఇదేం మా సొంత ఐడియా కాదు. ఇంగ్లీషు వికీపీడియాలో 2002లోనే రామ్‌బాట్ అనే ప్రోగ్రాము అమెరికా జనాభా లెక్కలు తీసుకుని 30 వేల పైచిలుకు ఊళ్ళకి వ్యాసాలు పుట్టించింది. మన తెవికీలో కూడా చాలా గ్రామాల పేజీలు బాట్లు పెట్టినవే. అయితే వికీకి ఒక సదుపాయం ఉంది. ప్రతి మార్పుకీ పాత ప్రతి చరిత్రలో ఉండిపోతుంది, ఎవరేం చెడగొట్టినా వెనక్కి తిప్పొచ్చు. మేం మా సైటుకి చరిత్ర అనే టేబులే పెట్టలేదు. దేనికిలే, డిస్కు దండగ అనుకున్నాం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మొదటి దెబ్బ 2008 జూన్‌లో తగిలింది. నెల్లూరు జిల్లాకి శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని పేరు మార్చారు. మాలో ఒకడిది నెల్లూరే, వాడు ఊరుకుంటాడా. నేను ఓ చిన్న స్క్రిప్టు రాశాను. పేజీ చదువు, "నెల్లూరు జిల్లా" కనబడితే తీసి పూర్తి పేరు పెట్టు, దాచు, తర్వాతి పేజీకి వెళ్ళు. బ్రౌజరులోంచే నడిపాను. పీహెచ్‌పీ మామూలుగా 30 సెకన్లు దాటితే స్క్రిప్టుని చంపేస్తుంది కదా, తెల్లపేజీ వచ్చింది. రిఫ్రెష్ కొట్టాను. మళ్ళీ తెల్లపేజీ. మళ్ళీ కొట్టాను. ఆ తర్వాత అనుమానమొచ్చి చూస్తే, మొదటి పేజీల్లో "శ్రీ పొట్టి శ్రీరాములు శ్రీ పొట్టి శ్రీరాములు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా" అని అష్టోత్తరం లాగా వచ్చింది. చివరి పేజీల్లో ఒక్కసారి కూడా లేదు. ఎన్నిసార్లు కొట్టినా మొదటినుంచి మొదలెట్టి అక్కడే చస్తోందన్నమాట. కొత్త పేరులోనే పాత పేరు దాక్కుని ఉంది కాబట్టి ఎన్నిసార్లు నడిస్తే అన్నిసార్లు తగులుకుంటుంది.

నవ్వుకున్నాం, బాగుచేశాం. అప్పుడు బుద్ధొచ్చి స్క్రిప్టుని యాభై పేజీల జట్లుగా మార్చాను. ఎక్కడిదాకా వచ్చిందో చివరి ఐడీ ఒక ఫైల్లో రాసుకుంటుంది, ఆగిపోతే అక్కడినుంచే ఎత్తుకుంటుంది, ఇప్పటికే మారిన పేజీని ముట్టుకోదు. రెండుసార్లు నడిపినా ఒకసారి నడిపినట్టే ఉండాలి. బాగానే కుదిరింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి దానితోనే గడిచిపోయింది.

ఇప్పుడు సార్ గురించి చెప్పాలి. మా ఆరుగురిలో ఒకడిది ములుగు దగ్గర పల్లె. వాళ్ళ నాన్నగారు రిటైరైన తెలుగు టీచరు. వాళ్ళవైపు టీచర్లని మాస్టారూ అనరు, సార్ అంటారు, నాకూ అదే అలవాటైంది. మా ఆరుగురం ఉత్సాహం చల్లారి ఉద్యోగాల్లో పడిపోయాక ఆ సైటుని నడిపింది నిజానికి ఆయనే. చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, ముసలాళ్ళని కూర్చోబెట్టి అడిగి, ముందు నోటుబుక్కులో రాసుకుని, తర్వాత రెండు వేళ్ళతో టైపు కొట్టేవాడు. నేనే ఓసారి అన్నాను, "ఇంకా కాయితం ఎందుకు సార్, డైరెక్టుగా సైట్లోనే కొట్టెయ్యండి, సర్వర్లో భద్రంగా ఉంటుంది" అని. సార్ మంచి శిష్యుడు. మానేశాడు.

2016 అక్టోబరు 11, దసరా రోజు, తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. ఉమ్మడి వరంగల్ ముక్కలు చెక్కలైంది. ములుగు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్ళింది. పండగ సెలవుల్లో ఇంట్లో ఖాళీగా ఉన్నాను. అప్పటికి మాకు సర్వర్ మీద కమాండ్ లైన్ కూడా వచ్చింది. బ్రౌజరూ లేదు, 30 సెకన్ల గొడవా లేదు. ఇంక జట్లెందుకు? మండలానికో అప్‌డేట్ క్వెరీ, అంతే. ఎనిమిదేళ్ళలో తెలివి పెరిగిందనుకున్నాను మరి.

పేజీల్లో జిల్లా పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంది. "వరంగల్ జిల్లా", "జిల్లా: వరంగల్", "వరంగల్ జి." ఇలా. దీనికి మూడు రూల్సెందుకని ములుగు చుట్టుపక్కల మండలాల పేజీల్లో "వరంగల్" అన్న మాటనే తీసి "జయశంకర్ భూపాలపల్లి" పెట్టేశాను. అర సెకను కూడా పట్టలేదు. కింద ఇన్ని వరుసలు మారాయి, వార్నింగ్స్: 1 అని వచ్చింది. ఎర్రర్ కాదు కదా, వార్నింగే కదా. లాప్‌టాప్ మూసేసి భోజనానికి లేచాను.

దీపావళి వెళ్ళాక సార్ దగ్గర్నించి ఫోను.

"ఏం బిడ్డా, మా బాపును భూపాలపల్లి జైల్ల ఏసినవేంది?"

నాకర్థం కాలేదు. సార్ వాళ్ళ నాన్నగారు నిజాం హయాంలో, 1947లో, ఇండియన్ యూనియన్‌లో కలవాలన్న ఉద్యమంలో జైలుకెళ్ళిన మనిషి. వరంగల్ జైల్లో ఉన్నాడు. సార్ తన ఊరి పేజీలో ఆ కథంతా పెద్ద వ్యాసంలా రాశాడు. తెరిచి చూశాను. "1947లో జయశంకర్ భూపాలపల్లి జైలుకు తరలించారు." జయశంకర్ సార్ పుట్టింది 1934లో. ఆయన పేరు మీదున్న జిల్లాలో, ఆయనకి పదమూడేళ్ళు నిండే నాటికే జైలు కట్టించేశాన్నేను.

"గప్పుడు గాడ జైలెక్కడిది బిడ్డా" అని సార్ నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను. మిగతా పేజీలు కూడా చూస్తే సినిమానే. వరంగల్ స్టేషన్లో రైలు దిగి ములుగు బస్సెక్కమని రాసినవన్నీ జయశంకర్ భూపాలపల్లి స్టేషన్ అయిపోయాయి. "వరంగల్‌కు" అన్నవి "భూపాలపల్లికు" అయ్యాయి, చదువుతుంటే నోట్లో రాయి పడ్డట్టు. రామప్ప గుడి గురించి పాత పుస్తకాల్లో వరంగల్ జిల్లా పాలంపేట అని ఉందని సార్ రాస్తే, ఆ పాత పుస్తకాలు కూడా భూపాలపల్లి అనే చెప్పాయి. విచిత్రమేంటంటే కాకతీయుల సంగతులు మాత్రం ఒక్కటి కూడా చెడలేదు. సార్ అక్కడంతా ఓరుగల్లు అని రాశాడు. పాత పేరు నా క్వెరీకి దొరకలేదు.

సరే సార్, సరిచేస్తానన్నాను. ఫోను పెట్టబోతుంటే, "ఇంకోటి బిడ్డా. ఆఖరికి ఓ ముచ్చట రాసిన. అది కనిపిస్త లేదు" అన్నాడు.

కిందికి వెళ్ళి చూశాను. వ్యాసం ఒక వాక్యం మధ్యలో, ఒక మాట మధ్యలో ఆగిపోయింది.

ఏం జరిగిందో మీలో డేటాబేసుల్లో పనిచేసేవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయుంటుంది. మిగతావాళ్ళ కోసం చెప్తాను. మేం పేజీ పాఠం దాచిన గడి రకం టెక్స్ట్. అందులో 65,535 బైట్లు పడతాయి. ఇంగ్లీషుకైతే అన్ని అక్షరాలు. యూటీఎఫ్-8లో తెలుగుకి ఒక్కో సంకేతానికి మూడేసి బైట్లు. గుణింతం విడిగా మూడు, పొల్లు విడిగా మూడు. అంటే దాదాపు 21,800 సంకేతాలు, మాటల్లో చెప్పాలంటే ఓ మూడు వేలు. "వరంగల్"కి 18 బైట్లు. "జయశంకర్ భూపాలపల్లి"కి 52. ఒక్కోచోట 34 బైట్లు పెరిగింది. సార్ వ్యాసంలో వరంగల్ నలభైసార్లుంది, అంటే 1,360 బైట్లు. ఆ వ్యాసం అప్పటికే గడి అంచుదాకా నిండి ఉంది. పట్టనిదంతా చివర్నించి కత్తిరించేశారు. మా హోస్టింగులో మైఎస్క్యూఎల్ 5.5 ఉండేది. అందులో స్ట్రిక్ట్ మోడ్ మనం పెట్టుకుంటే తప్ప ఉండదు. 5.7 నుంచే అది డిఫాల్టుగా వచ్చింది. స్ట్రిక్ట్ మోడ్ ఉంటే క్వెరీ ఆగి ఎర్రర్ ఇచ్చేది. లేదు కాబట్టి మర్యాదగా కత్తిరించి, మర్యాదగా ఒక వార్నింగ్ ఇచ్చింది. ఒక్కటే. అదే నేను చదవకుండా భోజనానికి లేచిన వార్నింగు.

పోయింది ఎనిమిది వందల బైట్ల పైచిలుకు. ఒక నలభై మాటలు.

బ్యాకప్ లేదా అంటారు. ఎందుకు లేదు, ప్రతి రాత్రీ టంచనుగా జరిగింది. అదే చిక్కు. ఏడు రోజుల కాపీలు ఉంచి, ఎనిమిదోది వస్తే పాతది తుడిచేస్తుంది. నేను క్వెరీ వేసి అప్పటికి మూడు వారాలు కావస్తోంది. ఏడు కాపీల్లోనూ తోక తెగిన వ్యాసమే భద్రంగా ఉంది. నా లాప్‌టాప్‌లో ఆగస్టులో దింపుకున్న కాపీ ఒకటుంది, ఆశగా తెరిచాను. ఆ చివరి ముచ్చట సార్ రాసింది సెప్టెంబర్‌లో. గూగుల్ క్యాష్ అప్పట్లో ఇంకా ఉండేది, అందులో కొత్తదే ఉంది. వేబ్యాక్ మెషీన్‌లో 2015 నాటి పేజీ ఉంది. హోస్టింగు వాళ్ళకి టికెట్ పెడితే మా దగ్గరా వారం రోజులవేనన్నారు. నోటుబుక్కు చూడండి సార్ అందామనుకుని, ఆ నోటుబుక్కు మాన్పించింది ఎవరో గుర్తొచ్చి ఊరుకున్నాను.

"అందులో ఏం రాశారు సార్?" అని అడిగాను. ఆయన మళ్ళీ రాస్తే అతికించేద్దామని నా లెక్క.

సార్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పాడు. 1948 సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక జైలు నుంచి విడుదలై వాళ్ళ నాన్న ఊరికి వచ్చిన సాయంత్రం గురించట. అప్పటికి సార్ ఇంకా పుట్టలేదు. చూసినవాళ్ళలో మిగిలింది వాళ్ళ మేనత్త ఒక్కతే. తొంభై దాటిన మనిషి, ఎన్నేళ్ళడిగినా ఆ రోజు గురించి నోరు విప్పలేదట. ఆ సెప్టెంబర్‌లో ఒక మధ్యాహ్నం తనంతట తనే చెప్పింది. సార్ ఇంటికి రాగానే కూర్చుని ఆమె మాటలు ఆమె అన్నట్టే టైపు కొట్టాడు. బతుకమ్మ పండగ వెళ్ళిన నాలుగు రోజులకి ఆవిడ పోయింది.

"ఏమన్నదో యాదికున్నది బిడ్డా. ఎట్లన్నదో యాదికి లేదు. మళ్ళ గట్ల రాదు."

నేను సారీ సార్ అన్నాను. ఇంకేమంటాం. ఆయన, "పోనీ తియ్, నువ్వేమన్న కావాలని చేసినవా" అన్నాడు. తిడితే బాగుండేది. ఆఫీసులో ఇలాంటివి జరిగితే రూట్ కాజ్ అని ఒక పేజీ రాసి మెయిల్ కొట్టి పడుకుంటాం. దీనికి ఎవరికని మెయిల్ కొడతాం?

ఆ నెలంతా రాత్రిళ్ళు కూర్చుని మిగతావి సరిచేశాను. తిరగేసి క్వెరీ వేద్దామంటే కుదరదు. "జయశంకర్ భూపాలపల్లి" అన్నచోటల్లా వరంగల్ పెడితే, నిజంగా మారాల్సినవి కూడా వెనక్కిపోతాయి. ఆగస్టు కాపీతో పోల్చి, తర్వాత చేర్చినవన్నీ కంటితో చదివి చేశాను. అప్పుడు చదివాను సార్ రాసినవన్నీ, మొదటిసారి. తొమ్మిదేళ్ళుగా నా సర్వర్లో ఉన్నాయి. అన్నిసార్లు స్క్రిప్టులతో తిరగేశాను గానీ ఒక్క పేజీ కూడా కూర్చుని చదవలేదు.

చదివితే తెలిసిందేంటంటే, నేను ఒక మాట అనుకున్నది ఒక మాట కాదు. ఊరు ఏ జిల్లాలో ఉందన్నచోట వరంగల్ వేరు. అది ఇవాళ్టి సంగతి, ప్రభుత్వం మారిస్తే మారాలి. 1947లో వరంగల్ జైలు వేరు, దాన్ని ఏ జీవో మార్చలేదు. 1980లో ఫలానా ఆయన వరంగల్ జిల్లాలో టీచరుగా చేరాడంటే చేరింది వరంగల్ జిల్లాలోనే. పాలంపేట గుడి ఎక్కడికీ కదల్లేదు, 2016 వరకు వరంగల్ జిల్లా, తర్వాత భూపాలపల్లి, 2019 నుంచి ములుగు. ఏ వాక్యం ఏ కాలానిదో క్వెరీకి తెలీదు. దానికి తెలిసేలా రాయాల్సింది మనం. అప్పుడు చేసిన మొదటి పని, జిల్లా పేరుని పాఠంలోంచి పీకి విడి గడిలో పెట్టడం. అది 2007లోనే చెయ్యాల్సింది. రెండో పని, పాత ప్రతులన్నీ దాచే చరిత్ర టేబులు. డిస్కు దండగ కాలేదు, ఏడాదికి ఒక సినిమా ఫైలంత కూడా పెరగలేదు.

2019 ఫిబ్రవరి 17న ములుగు విడి జిల్లా అయింది. ఈసారి క్వెరీ వెయ్యలేదు. విడి గడిలో ఉన్న జిల్లా పేరు స్క్రిప్టు మార్చింది. పాఠంలో ఉన్నవాటిని మాత్రం యాభై పేజీల జట్టుకొకటి చొప్పున, పాత వాక్యం పైన, కొత్త వాక్యం కింద పెట్టి ప్రింటు తీశాను. కాయితాలు పట్టుకుని సార్ వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆయన ఎర్ర పెన్ను తీసుకుని పరీక్ష పేపర్లు దిద్దినట్టు టిక్కులు, ఇంటూలు పెట్టాడు. ఇంటూ పడ్డ ఐడీలన్నీ ముట్టుకోకూడనివి అని ఒక ఫైల్లో చేర్చాను. రెండు రోజులు పట్టింది. మధ్యలో జొన్న రొట్టెలు, అంకాపూర్ చికెన్.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయినప్పుడూ ఇదే పద్ధతి. అప్పుడు ఒక తమాషా జరిగింది, పైథాన్ వాళ్ళకి పనికొస్తుంది. కర్నూలు నుంచి నంద్యాల విడిపోయింది కదా, ఏయే వాక్యాల్లో కర్నూలు ఉందో వెతకడానికి మాట అటూ ఇటూ బ్యాక్‌స్లాష్ బి పెట్టాను, పూర్తి మాటే దొరకాలని. డ్రై రన్‌లో "కర్నూలులో", "కర్నూలుకి" దొరికాయి. "కర్నూలు జిల్లా" ఒక్కటీ దొరకలేదు! కోరిందానికి సరిగ్గా తలకిందులు. పైథాన్‌తో వచ్చే ఆర్‌ఈ మాడ్యూలు మన గుణింతాలని అక్షరాలుగా లెక్కపెట్టదు. కర్నూలు చివర కొమ్ము ఉంది. కొమ్ము అక్షరం కాదు, పక్కన ఖాళీ కూడా అక్షరం కాదు, కాబట్టి అక్కడ మాట అంచు లేదంటుంది. కొమ్ము పక్కన "లో" వస్తే మాత్రం ఇదిగో అంచు అంటుంది. రెజెక్స్ అని విడిగా దింపుకునే మాడ్యూలు ఉంది, అది సరిగ్గా చూస్తుంది. డ్రై రన్ చెయ్యకపోతే ఇదీ తెలిసేది కాదు. వికీ బాట్లు నడిపే పైవికీబాట్‌లో ఉత్తుత్తిగా నడిపి చూసే వీలు ముందే పెట్టారు. మార్పుకీ మార్పుకీ మధ్య పది సెకన్లు ఆగడం కూడా డిఫాల్టే. ఒకప్పుడు ఆ పది సెకన్లు చూసి, వీళ్ళకింత నెమ్మదెందుకో అని విసుక్కున్నాను.

ములుగు వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్నగారి పేజీ దగ్గరికి వచ్చేసరికి సార్ పెన్ను ఆగింది. తెగిపోయిన ఆ చివరి వాక్యం అలాగే ఉంది. అప్పటికి నేను గడిని పెద్దది చేసేశాను, ఎంతైనా పడుతుంది. "మీకు గుర్తున్నంత వరకు చెప్పండి సార్, నేను టైపు చేస్తాను" అన్నాను. వద్దన్నాడు. తెగిన మాట పక్కన తనే ఎర్ర పెన్నుతో ఒక లైను రాసి నా చేతికిచ్చాడు: "ఇక్కడ మా మేనత్త చెప్పిన మాటలు ఉండె. పోయినయి." దాన్ని అలాగే ఎక్కించాను. ముట్టుకోకూడని ఐడీల ఫైల్లో మొదటి వరుస ఆ పేజీదే.

ఇదంతా మా కుర్రాడికి చెప్పలేదు. మీటింగుకి టైమైపోయింది. లిస్టు తియ్యమని మాత్రం గట్టిగా చెప్పాను. నిన్న వచ్చాడు. "అన్నా, పన్నెండు వేల పేజీల్లో రెండొందల పన్నెండు తేడాగా ఉన్నాయి. అవి పాత నోటీసులు, అప్పటి కంప్లయింటులకి ఇచ్చిన జవాబులు. ఫలానా తారీకున ఫలానా నంబరుకి ఫోన్ చేశారు అని ఉంది. వాటిల్లో కూడా మార్చాలా?"

"నువ్వేమంటావ్?" అన్నాను.

"చదివి చెప్తా" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.